అచ్చుతప్పు వెంట నడిచిన ఎడిటరు గారు

"అమ్మా, ఎడిటర్ సారు పోయిండు."

బుధవారం పొద్దున పదిగంటల వేళ ఖైరతాబాదులో నేను పాఠాలు చెప్పే బడి గుమ్మంలో నిలబడి యాదగిరి ఈ మాట అన్నప్పుడు నేను బోర్డు మీద తేదీ వేస్తున్నాను. యాదగిరి మన పత్రిక అచ్చయ్యే ప్రెస్సులో మిషన్ తొక్కే మనిషి. అమీర్‌పేట నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చాడని అతని రొప్పు చూస్తేనే తెలుస్తోంది. అయినా నాకు అర్థం కాలేదు.

"ఎక్కడికి పోయారు? గుంటూరుకా? నిన్న సాయంత్రం నాతో ఏమీ అనలేదే. మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడిగాను.

యాదగిరి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఊరికి గాదమ్మా. అక్షరాల కేసు కాడ నిలబడి, గిది మార్చు, గది మార్చు అని చెప్పుకుంట, జర మంచినీళ్ళు తెమ్మన్నడు. నేను లోటా తీస్కొచ్చే లోపట్నే అయిపోయింది."

అప్పుడు నేనేం చేశానో చెబితే మీరు నమ్మరు. వెనక్కి తిరిగి తేదీ పూర్తిచేశాను. సంవత్సరం కూడా వేశాను. సుద్దముక్కను దాని చోట పెట్టాను. ఆ తర్వాత పిల్లల బల్ల మీదే కూర్చున్నాను.

పత్రికలో మరణవార్తల విషయంలో ఆయనకొక నియమం ఉండేది. "ప్రభువు సన్నిధికి చేరారు" అని ఎవరు రాసి పంపినా కొట్టేసి, "నిద్రించారు" అని దిద్దేవారు. ప్రభువు మళ్ళీ వచ్చి లేపేదాకా చనిపోయినవాళ్ళు నిద్రలోనే ఉంటారని వాళ్ళ నమ్మకం. ఆయనది శనివారాన్ని విశ్రాంతిదినంగా పాటించే అడ్వెంటిస్టు సంఘం. నేను ఆదివారం గుడికి వెళ్ళే ఇంట్లో పుట్టినదాన్ని. అయినా పన్నెండేళ్ళు ఆయన పక్కన ప్రూఫులు చూసినదాన్ని కనుక ఆ మాట వందసార్లు నా చేత్తో నేనే దిద్దాను. ఇప్పుడు ఆయనకు ఆ మాట రాయాల్సి వస్తే చెయ్యి ఆడడం లేదు. నిద్రపోబోయే మనిషి ముందురోజు సాయంత్రం అమీర్‌పేట మలుపు దగ్గర ఆగి, "గురువారం పెందలాడే రా అమ్మాయ్, మూడో పేజీ తెగ్గొట్టాలి, పెరిగిపోయింది" అని చెప్పడు కదా.

టీ ముట్టని మనిషి. కాఫీ వాసన వస్తే కిటికీ తెరిచే మనిషి. ఆరోగ్యం గురించి రెండు పుస్తకాలు రాసి, ఎండలో మాసబ్ ట్యాంక్ దాకా నడిచి వెళ్ళి వచ్చి కూడా ఆయాసపడని మనిషి. అలాంటి మనిషికి ఇదేమిటని ఆ రోజు వచ్చిన ప్రతివాళ్ళూ ఒకరినొకరు అడిగారు.

మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. ఆయన రాసిన దేనికీ కింద పేరు పెట్టుకోలేదు. ఏళ్ళ తరబడి మీరు చదివిన ప్రశ్నలూ జవాబులూ, తల్లులకు సలహాలూ, ప్రవచనాల వివరణలూ అన్నీ ఆయనవే. వేరువేరు మనుషులు రాస్తున్నారని మీరు అనుకుని ఉంటారు. ఒక పాఠకుడు "మీ వైద్యుడి కంటే మీ బోధకుడు బాగా రాస్తాడు" అని ఉత్తరం రాస్తే, ఆ వారమంతా దాన్ని జేబులో పెట్టుకుని తిరిగారు.

ఆయన కోస్తాలో గుంటూరు నుంచి వచ్చారు. అక్కడ బడిపంతులుగా ఉండేవారట. శనివారం పనిచెయ్యనన్నందుకు ఆ ఉద్యోగం పోయింది. సంఘంవాళ్ళు ఇక్కడ తెలుగులో పత్రిక నడపమంటే భార్యతో కలిసి అమీర్‌పేట వచ్చి, రెండు గదుల ఇంట్లో ఉంటూ, ఆ పక్క రేకుల కొట్టంలో ప్రెస్సు పెట్టారు. అప్పట్లో ఈ ఊళ్ళో బడి చదువంతా ఉర్దూలో. తెలుగు తప్పు లేకుండా చదవగలిగేవాళ్ళు దొరకడమే కష్టం. మిషనరీల బడిలో చదివిన పిల్ల ఒకతె ఉందని ఎవరో చెబితే మా ఇంటికి వచ్చి మా నాన్నను అడిగారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మా నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా.

"మా బిడ్డ మీ సంఘంల కలవది సార్, ముందే చెప్తున్న" అన్నాడు నాన్న.

"నాకు కావాల్సింది ఆవిడ కళ్ళండీ. సంఘం ఆవిడ ఇష్టం" అన్నారాయన.

ఆ మాట మీద పన్నెండేళ్ళు నిలబడ్డారు. ఒక్కసారి కూడా నన్ను వాళ్ళ గుడికి రమ్మనలేదు.

ఏదైనా వ్యాసం పూర్తయ్యాక ఆయన ముందు యాదగిరికి చదివి వినిపించేవారు. యాదగిరికి చదువు రాదు. మిషన్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వినేవాడు. మధ్యలో అతని కనుబొమ్మలు కలిస్తే చాలు, ఆ వాక్యం కొట్టేసేవారు.

"నాకు సమజ్ కాకుంటే ఏమాయె సారూ, చదువుకున్నోళ్ళకు సమజ్ అయితది గద" అనేవాడు యాదగిరి.

"నీకు అర్థం కాలేదంటే నాకే సరిగా అర్థం కాలేదన్నమాట" అనేవారు ఆయన.

ఇక్కడి తల్లులు చదవాలని తన గుంటూరు మాటల్ని ఒక్కొక్కటే వదులుకున్నారు. వేరుశనగ అని రాసి నా వంక చూసేవారు. "పల్లీలు" అనేదాన్ని. జలుబు పక్కన "సర్ది" చేరింది. మాట్లాడేటప్పుడు మాత్రం చివరిదాకా ఆయనకు గుంటూరు యాసే.

శుక్రవారం పొద్దు వాలుతుండగా మిషన్ ఆగేది. ఆయన కలం కడిగి, తుడిచి, బల్ల సొరుగులో పెట్టి తాళం వేసేవారు. మళ్ళీ శనివారం సూర్యాస్తమయం అయ్యేదాకా ఆ తాళం తీసేవారు కాదు. ఉత్తరం మీద చిరునామా కూడా రాసేవారు కాదు. ఆ నియమం తప్పగా నేను ఒక్కసారే చూశాను. దానికి కారణం నేను. ఈ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

యుద్ధానికి ముందు మాట. పిల్లల జబ్బుల గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం అచ్చయి పది రోజులైంది. ఇల్లిల్లూ తిరిగి మా పుస్తకాలమ్మే జోసెఫ్ భాయ్ అప్పటికే ఈ చుట్టుపక్కల నలభై దాకా ఇచ్చి వచ్చాడు. నేను గర్వంగా మా ఇంటికొకటి తెచ్చుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం మా అక్క చంటివాడు దగ్గుతుంటే అమ్మ ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అమ్మ కూడబలుక్కుని చదువుతుంది. పొయ్యి మీద గిన్నెలో కర్పూరం వేసిన నూనె వెచ్చబడుతోంది.

"ఏమే, గొంతుకు పొయ్యాలె అని రాసిన్రు గని ఎంత పొయ్యాలెనో రాయలే. చెంచెడు సాలునా?" అంది.

"పోయడమేంటమ్మా? పూయాలి. మెడకు పైన పూయాలి" అన్నాను.

"గిట్ల సూడు మరి" అని పుస్తకం నా ముందుకు తోసింది.

చూశాను. "గొంతుకు పోయాలి" అని ఉంది. పూ ఉండాల్సిన చోట పో. అక్షరాలు పేర్చే కంపోజిటరు చెయ్యి ఒక గడి పక్కకు పోయింది. నేను ఆ పేజీ ప్రూఫు రెండుసార్లు చదివి, కింద నా పొడి అక్షరాలు వేశాను. కర్పూరపు నూనె పసిపిల్లల కడుపులోకి పోతే ఏమవుతుందో అదే పుస్తకంలో ఇంకో పుటలో రాసి ఉంది. గిన్నె దించి నూనె మట్టిలో పారబోసి, పుస్తకం పట్టుకుని ప్రెస్సుకు పరుగెత్తాను.

ఆయన ఆ పుట చదివారు. మళ్ళీ చదివారు.

"తప్పు నాదండీ. ప్రూఫు చూసింది నేనే" అన్నాను. ఏడుపొచ్చింది.

"ఏడుపు తర్వాత అమ్మాయ్. జోసెఫ్ భాయ్ ఎక్కడ?"

జోసెఫ్ భాయ్ పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఎవరెవరికి ఇచ్చావో గుర్తుందా?" అని అడిగారు.

"పేర్లు యాదికి లేవు సారు. ఇండ్లు యాదికున్నయి."

"ఇళ్ళు చాలు. పద."

ప్రెస్సులో మిగిలిన కాపీలన్నీ దిద్దమని కంపోజిటరుకు అప్పగించి ముగ్గురం బయల్దేరాం. అమీర్‌పేటలో ఒక్కొక్క ఇల్లే తట్టాం. ఆయన పుస్తకం అడిగి తీసుకుని, పో కొట్టేసి పైన పూ రాసి, ఆ ఇంటావిడ చేత పైకి అనిపించేవారు. "పూయాలి. బయట. లోపలికి కాదు." ఆమె తిరిగి అన్నాకే గడప దిగేవారు. ఎనిమిదో ఇంటి దగ్గరో, తొమ్మిదో ఇంటి దగ్గరో గుట్టల వెనక సూర్యుడు మునిగిపోయాడు. నాకు భయమేసింది.

"ఎడిటరు గారూ, పొద్దు గుంకింది" అన్నాను.

ఆయన పడమటి దిక్కు చూశారు. చేతిలో కలం చూసుకున్నారు.

"పసిబిడ్డ గొంతు రేపు సాయంత్రం దాకా ఆగుతుందా అమ్మాయ్?" అని, పక్కింటి తలుపు తట్టారు.

ఇళ్ళల్లో దీపాలు ఆరేదాకా తిరిగి, మర్నాడు శనివారం తెల్లవారుతుండగా మళ్ళీ మొదలుపెట్టాం. వాళ్ళ గుడి ముందు నుంచే వెళ్ళాం. అప్పుడే తలుపులు తీస్తున్న పెద్దాయన ఒకరు ఆయన చేతిలో కలం చూసి అక్కడే ఆగిపోయారు. ఎడిటరు గారు నమస్కారం చేసి ముందుకు నడిచారు. ఖైరతాబాదులో ఒకావిడ నవ్వింది. "ఒక్క అక్షరం కోసం గింత దూరం నడ్సుకుంట వచ్చిన్రా?" అంది. మాసబ్ ట్యాంక్ అవతల ఒకింట్లో పుస్తకంలో కాగితాలు చింపి ఊరగాయ జాడీలకు మూతలు కట్టారు. ఆయన ఒక్కొక్క జాడీ ముందూ వంగి, మూతల మీది పేజీ అంకెలు చూసి, ఆ పేజీ దొరికేదాకా లేవలేదు. దొరికాక నూనె మరకల మీదే దిద్దారు.

చిట్టచివర మిగిలింది పంజాగుట్టలో బండరాళ్ళ పక్కన ఒక గుడిసె. ఒక నవాబు గారి తోటలో పనిచేసే మల్లయ్యది. దూరం నుంచే ఏడుపు వినపడింది.

మల్లయ్య భార్య ఒళ్ళో రెండేళ్ళ పిల్ల. కళ్ళు తేలేసి ఉంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

"పక్కింటి సదువుకున్న పోరడు సదివి చెప్పిండు. పొద్దుగాల చెంచెడు పోసిన. గంట కాలే, గిట్లాయె" అంటోంది ఆమె. ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియదు.

ఆయన పిల్లను ఎత్తుకున్నారు. జోసెఫ్ భాయ్ రోడ్డు మీదికి పరుగెత్తి జట్కా ఆపాడు. మల్లయ్య అడ్డం వచ్చి ఆయన చొక్కా గుండెల దగ్గర పట్టుకున్నాడు.

"గీ పుస్తకం ఎవడు రాసిండు?"

"నేనే రాశానయ్యా. తప్పు నాదే. ముందు పిల్లని బతికించుకుందాం, తర్వాత నన్నేం చేసినా సరే."

"నా బిడ్డకేమన్నయితే నిన్ను ఇడిచిపెట్ట."

"వదలొద్దు. నాతోనే రా" అని, ఆ పట్టు అలాగే ఉండగా జట్కా ఎక్కారు.

నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. "ఆయన కాదు, నేను" అనాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. ఈ రోజు దాకా రాలేదు.

పెద్దాసుపత్రి డాక్టరు పిల్లను లోపలికి తీసుకుపోయాడు. మేం వరండాలో ఉన్నాం. ఎడిటరు గారు గోడవైపు తిరిగి మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేస్తున్నారు. ఆయన పెదాలు కదలడం లేదు. వీపు మాత్రం వణుకుతోంది. ఆ వీపు చూస్తూ మల్లయ్య కాసేపు నిలబడి, తనూ నేల మీద కూలబడ్డాడు. మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చి, కొట్టుకోవడం ఆగిందన్నాడు. ఇంకో చెంచా పడి ఉంటే దక్కేది కాదన్నాడు.

పిల్ల అక్కడున్న మూడురోజులూ ఆయన ఆసుపత్రికి వెళ్ళారు. మూడోరోజు ఆయన్ని చూసి మల్లయ్యే ఎదురొచ్చాడు.

"బువ్వ అడిగింది సారు" అన్నాడు.

ఈ సంగతి జోసెఫ్ భాయ్ చెప్పాడు. ఆ మూడురోజులూ నేను మాత్రం ఇంట్లో చాప మీదే ఉన్నాను. ప్రెస్సుకు మళ్ళీ వెళ్ళే మొహం లేదనుకున్నాను. నాలుగోరోజు పొద్దున ఆయనే వచ్చారు. సంచిలోంచి తడి ఆరని ప్రూఫు కాగితాలు తీసి నా ముందు పెట్టారు.

"కళ్ళు ఉబ్బిపోయాయి. కడుక్కుని చదువు. మధ్యాహ్నానికి కావాలి" అన్నారు.

"ఇంక నేను చదవలేనండీ. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేదు."

"నాకుంది. ఇకనుంచి నీ అంత భయంగా చదివేవాళ్ళు నాకు ఇంకెక్కడ దొరుకుతారు?"

తర్వాతి సంచికలో సవరణ ఆయనే రాశారు. పొరపాటు ఎడిటరుదని ఉంది. నా పేరు వెయ్యమని బతిమాలాను. "చదివేవాడికి కావాల్సింది సరైన అక్షరం. తప్పు చేసినవాళ్ళ పేరుతో ఆ తల్లికి పనేముంది?" అన్నారు. ఆ సవరణ చదివి కొందరు చందా మానేశారు. మందుల సంగతి ఎడిటర్లకెందుకని ఒకాయన చాలా కఠినంగా రాశారు. ఆ ఉత్తరం ఉన్నదున్నట్టు అచ్చువేశారు. మందు గురించి ఏది రాసినా రెండు విధాలుగా రెండుసార్లు చెప్పాలన్న నియమం అప్పటినుంచే వచ్చింది. "పైన రుద్దాలి, లోపలికి ఇవ్వకూడదు" అని మీరు చదివి, చెప్పిందే చెబుతున్నారని విసుక్కుని ఉంటారు. అది ఇందుకు.

వాళ్ళ సంఘం పెద్దలు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టారు. విశ్రాంతిదినాన కలం పట్టి రాశావా అని అడిగారు. ఆ రోజు అక్కడున్న ఆయన భార్య నాకు చెప్పారు.

"రాశాను. ముప్పైకి పైగా ఇళ్ళలో రాశాను. అన్నిచోట్లా ఒకే అక్షరం రాశాను" అన్నారట.

పెద్దల్లో ఒకరు ఇది నియమోల్లంఘనే అన్నారట. ఇంకొకరు లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నారట. చివరికి ఏ తీర్మానమూ చెయ్యకుండానే ప్రార్థన చేసి లేచారట. ఇంటికొచ్చాక ఆయన అన్నం తినలేదని ఆవిడ చెప్పారు. చేసిన పని తప్పని అనుకోలేదు. కానీ అంత ఇష్టంగా కాపాడుకున్న రోజు అలా గడిచినందుకు బాధపడ్డారు. నాకు ఆయన మీద గౌరవం ఎక్కువైంది ఆ సంగతి విన్నాకే. ఏ బాధా లేకుండా నియమం దాటడం ఎవరైనా చేస్తారు.

తర్వాత యుద్ధం వచ్చింది. కాగితం కరువైంది. పత్రిక పలచబడింది, అక్షరాలు చిన్నవయ్యాయి. నాకు బడిలో ఉద్యోగం వచ్చింది. అయినా వారానికి మూడు సాయంత్రాలు ప్రెస్సుకు వెళ్తూనే ఉన్నాను. నా తప్పు ఎప్పుడో ఒకరోజు నలుగురి ముందూ చెబుతానని అనుకుంటూ ఉన్నాను. ఆయన ఉన్నారు కదా, తొందరేముంది అనుకున్నాను. ఆయన వినగా చెప్పాల్సిన మాట అది. బుధవారం పదిగంటలకు ఆ అవకాశం పోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నానంటే ఆయన ఉండగా చెప్పలేకపోయినందుకే.

ఆ రోజే పొద్దు గుంకక ముందే ఆయన్ని సమాధి చేశారు. అంతా ఎంత వేగంగా జరిగిందంటే, ప్రెస్సులో ఆయన తెమ్మన్న నీళ్ళ లోటా ఇంకా నిండుగా కేసు పక్కనే ఉంది. సంఘంవాళ్ళు పాడారు. కొందరు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఎవరో ఇప్పుడొచ్చి, పొరపాటైంది, వేరే మనిషి అని చెబుతారని చివరి మట్టి పడేదాకా చూస్తూ నిలబడ్డాను.

గురువారం పెందలాడే లేచాను. ఆయన రమ్మన్నారు కనుక వెళ్ళాను. ప్రెస్సుకు తాళం వేసి ఉంది. పక్కనే ఉన్న ఇంట్లోకి వెళితే పెరట్లో ఆయన భార్య బట్టలు ఆరేస్తున్నారు. తీగ మీద ఒకే ఒక్క తెల్ల చొక్కా ఉంది. కుడిచేతి మణికట్టు దగ్గర సిరా మరక ఎంత రుద్దినా పోనట్టు నీలంగా మిగిలింది.

"మంగళవారం విప్పిందమ్మా" అన్నారావిడ నన్ను చూసి. "ఉతికి, పిండి, తీగ మీద వేసేదాకా గుర్తు రాలేదు."

నేను దగ్గరికి వెళ్ళాను. ఇద్దరం దాన్ని తీసెయ్యలేకపోయాం. చొక్కాలోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా మట్టిలో పడుతున్నాయి. గాలి వచ్చినప్పుడల్లా చేతులు రెండూ నిండుతున్నాయి.